నవజాత శిశువు స్క్రీనింగ్‌లో తేడా వస్తే: ల్యాబ్ రిపోర్టుపై అపోహలు - వాస్తవాలు

అపోహ: రిపోర్టులో 'అబ్‌నార్మల్' అని వచ్చిందంటే బిడ్డకు జబ్బున్నట్టే.

కాదు. మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలతో చేసే స్క్రీనింగ్ అనుమానమున్న బిడ్డల్ని ఏరుతుంది, అంతే. జబ్బుందో లేదో తేల్చేది నిర్ధారణ పరీక్ష. పుట్టిన తొలి గంటల్లో ఏ బిడ్డకైనా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్; ఎక్కువుంటే థైరాయిడ్ లోపమని అనుమానం) ఎగబాకుతుంది. డిశ్చార్జి తొందరలో 24 గంటల్లోపే శాంపిల్ తీస్తే ఎక్కువగా కనిపించడం మామూలే. నెలలు నిండని బిడ్డల్లో 17-ఓహెచ్‌పీ (అడ్రినల్ గ్రంథి జబ్బు సీఏహెచ్ కోసం చూసే హార్మోన్) కూడా అంతే. అందుకే పుట్టిన వేళ, శాంపిల్ తీసిన వేళ, బరువు, ఎన్నో వారంలో కాన్పయిందీ, రక్తం ఎక్కించారా అన్నవి రక్తపు చుక్కలు వేసే ఫిల్టర్ పేపర్ కార్డు మీద రాసి తీరాలి. అవి లేకుండా వచ్చిన అంకెకు ల్యాబ్ సరైన అర్థం చెప్పలేదు.

అపోహ: రిపీట్‌లో చాలామందికి నార్మలే వస్తుంది కదా, తర్వాతి టీకాకు వెళ్లినప్పుడు చూపిద్దాం.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. సీఏహెచ్ అనే అడ్రినల్ జబ్బులో ఉప్పు కోల్పోయే రకమైతే రెండో వారంలోనే వాంతులు, బరువు తగ్గడం, సోడియం పడిపోవడం, పొటాషియం పెరగడం మొదలవుతాయి. మగబిడ్డల్లో పైకి ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. పాలలోని చక్కెరను శరీరం వాడుకోలేని జబ్బు గాలక్టోసీమియాలో తాగిన పాలే కాలేయాన్ని దెబ్బతీస్తాయి. అనుమానం రాగానే డాక్టరు చెప్పినట్టు తల్లిపాలు సహా పాలన్నీ ఆపాలి, నిర్ధారణ వచ్చేదాకా ఆగకూడదు.

ఇలాంటి ఫలితాల్లో ల్యాబ్ ప్రింటు కోసం చూడకూడదు. అదే కార్డు నుంచి మళ్లీ పంచ్ (చిన్న గుండ్రటి ముక్క) తీసి సరిచూడటం పద్ధతే. కానీ అంకె మరీ ఎక్కువగా ఉంటే అది పూర్తికాకముందే డాక్టరుకు ఫోన్ చేయాలి. తల్లి పేరు, ఐడీ, విలువ, యూనిట్, కట్-ఆఫ్ (అనుమానానికి పెట్టిన హద్దు), శాంపిల్ నాటికి బిడ్డ వయసు, ఇప్పుడు చేయాల్సిన పని చెప్పి, అవతలివాళ్లతో తిరిగి చెప్పించుకోవాలి. ఎవరితో, ఎన్ని గంటలకు మాట్లాడారో రాసుకోవాలి. వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపినంత మాత్రాన కబురు చేరినట్టు కాదు.

అపోహ: టీఎస్‌హెచ్ 20 అంటే ఏ ల్యాబ్‌లోనైనా 20.

యూనిట్ చూడకుండా అలా అనుకోకండి. కొన్ని ల్యాబ్‌లు మొత్తం రక్తం లెక్కలో, కొన్ని సీరం (గడ్డకట్టిన రక్తం నుంచి వేరుపడే ద్రవం) లెక్కలో ఇస్తాయి. మొదటిదాన్ని 2.2తో గుణిస్తే సీరం విలువ వస్తుంది. పిల్లల హార్మోన్ వైద్యుల భారతీయ సంఘం ఐఎస్‌పీఏఈ 2018 మార్గదర్శకాల్లో సీరం లెక్కన 20 దాటితే బిడ్డను మళ్లీ పిలవాలి. 24-48 గంటల మధ్య తీసిన శాంపిల్‌కైతే ఆ హద్దు 34. కొద్దిగా పెరిగితే 7-10 రోజుల వయసులో రిపీట్. 40 దాటితే వెంటనే సిర నుంచి రక్తం తీసి టీ4 (థైరాయిడ్ హార్మోన్), టీఎస్‌హెచ్ చూడాలి. ఇప్పుడు మొత్తం రక్తం లెక్కలో 20 తీసుకోండి, సీరంలో అది 44. రిపీట్‌కు ఆగొచ్చనుకున్న బిడ్డకు నిజానికి ఈరోజే పరీక్ష కావాలి.

అపోహ: 'శాంపిల్ పనికిరాదు' అంటే ఏమీ లేదనే.

పరీక్షే జరగలేదని అర్థం. చుక్క మీద చుక్క వేయడం, రక్తం వెనకవైపుకు ఇంకకపోవడం, తడి కార్డును కవర్లో పెట్టేయడం సాధారణంగా జరిగే తప్పులు. కార్డును గది ఉష్ణోగ్రతలో, ఎండ తగలకుండా, అడ్డంగా పరిచి 3-4 గంటలు ఆరనివ్వాలి. మే ఎండల్లో కొరియర్ సంచిలో మగ్గితే ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ ఎంజైమ్ క్షీణించి, లేని లోపం ఉన్నట్టు చూపిస్తుంది.

అపోహ: నార్మల్ వస్తే ఇక చూడక్కర్లేదు.

నెలలు నిండనివారిలో, జబ్బుపడి ఐసీయూలో ఉన్నవారిలో టీఎస్‌హెచ్ ఆలస్యంగా పెరగొచ్చు, 2-4 వారాలకు మళ్లీ చూడాలి. రక్తం ఎక్కించాక తీసిన శాంపిల్‌లో జీ6పీడీ దాత కణాల వల్ల నార్మల్‌గా కనిపించవచ్చు. వీలైతే ఎక్కించే ముందే కార్డు తీసిపెట్టండి.