ఇంటిపేరు చూసి ఓటేస్తామా?

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు అద్దెకు వెతుకుతుంటే, అద్దె ఎంతో చెప్పకముందే చాలాచోట్ల నన్ను అడిగింది ఇంటిపేరు. అది చెప్పినా తేలకపోతే సూటిగా "మీరేవిట్లు?" అని కులమే అడిగేస్తారు. ఎన్నికలొచ్చి అభ్యర్థి పేరు బయటికి రాగానే టీ కొట్టు దగ్గర వినపడేదీ అదే ప్రశ్న. ఇదంతా మన రక్తంలోనే ఉంది, మారదు అంటుంటారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే ఆఫ్రికాలో ఒక సరిహద్దు దగ్గర దీన్ని పరీక్షించి చూశారు.

జాంబియా, మలావీల మధ్య గీత గీసింది బ్రిటిష్ వాళ్లు. చేవా, తుంబుకా అనే రెండు తెగలవాళ్లు ఆ గీతకి రెండు పక్కలా ఉన్నారు, అవే భాషలు, అవే ఆచారాలు. డేనియల్ పోస్నర్ అనే రాజకీయ శాస్త్రవేత్త గీతకి అటు రెండు ఊళ్లు, ఇటు రెండు ఊళ్లు తీసుకుని, అవతలి తెగవాళ్లకి ఓటేస్తారా, వాళ్లతో పెళ్లికి ఒప్పుకుంటారా అని అడిగారు. మలావీ వైపు వద్దన్నవాళ్లు చాలామంది. జాంబియా వైపు తక్కువ. ఆ పరిశోధన 2004లో అచ్చయింది.

తేడా తలల లెక్కలో ఉంది. మలావీ చిన్న దేశం, అక్కడ ఒక్కో తెగ ఒక్కో పార్టీని నిలబెట్టగలదు, 1994 ఎన్నికల్లో జరిగిందీ అదే. పైగా 1968లో అక్కడి అధ్యక్షుడు బండా ప్రభుత్వం చేవాల భాషను జాతీయ భాష చేసి, తుంబుకా భాషను రేడియోలోంచి, బడుల్లోంచి తీసేసింది, అంత గాయం ఎలా మరిచిపోతారు? జాంబియాలో మాత్రం ఇద్దరూ కలిసినా కొద్దిమందే, బెంబాల లాంటి పెద్ద తెగల ముందు ఇద్దరూ "తూర్పువాళ్లే".

మనకీ ఇది జరిగింది. మద్రాసు రాష్ట్రంలో ఉన్నన్నాళ్లు తెలుగువాళ్లం అన్న ఒక్క మాట చాలింది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చాక, దాదాపు అందరూ తెలుగువాళ్లే ఉన్నచోట ఆ మాటకి ఓట్లు రాలవు కాబట్టి గీత కులం మీదకి, ప్రాంతం మీదకి జరిగింది.

నాకు బాగా నచ్చిన ప్రయోగం మాత్రం పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ అనే దేశం రాజధాని బమాకోలో చేసింది. అక్కడ కొన్ని ఇంటిపేర్లవాళ్ల మధ్య వేళాకోళం వరస ఉంటుంది, అచ్చం మన బావామరదుల్లాగే, తెగ వేరైనా సరే "నువ్వు బొబ్బర్లు తినేవాడివి" అని ఏడిపించుకుంటారు, ఎవరికీ కోపం రాదు. జనానికి ఒకే ప్రసంగం వీడియో చూపించి నాయకుడి ఇంటిపేరు మాత్రం మార్చి చెప్పారు. వేరే తెగవాడైనా వేళాకోళం వరస అయితే, వరస కాని సొంత తెగవాడితో దాదాపు సమానంగా మార్కులు పడ్డాయి!

మన ఊళ్లలోనూ కులం వేరైనా బాబాయ్, అత్తా అని వరసలు కలిపే పిలుచుకుంటాం. ఆ పిలుపుకి ఓటు దగ్గర ఎంత బరువుందో ఇక్కడ కూడా ఎవరైనా ఇలాగే కొలిచి చూడాలని నా కోరిక, గుంటూరు, బెజవాడల్లోనే మొదలుపెట్టొచ్చు.