తొంభై నంబర్లు, అమ్మమ్మ గొంతు

సంక్రాంతికి మా అక్కావాళ్ల అపార్ట్‌మెంట్‌లో తంబోలా ఆడతారు. నంబర్లు పిలిచేది ఏటా మా అమ్మే. ఈసారి మోకాళ్ల నొప్పి, కిందికి దిగలేనంది. "అమ్మమ్మ రాకపోతే ఏం, గొంతు వస్తే చాలదూ" అన్నాడు ఇంటర్ చదివే మా మేనల్లుడు. ఒకటి నుంచి తొంభై దాకా ఆవిడ చేత చెప్పించి ఫోన్‌లో రికార్డు చేస్తాడు. ఏ నంబరు పడితే ఆ ఫైలు వినిపించే ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాస్తాడు. "పది లైన్లు మామయ్యా, అరగంట పని" అన్నాడు. నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో నాకు తెలిసొచ్చింది ఏమిటంటే, ప్రోగ్రాంలో 'ప్లే' అన్న మాట ఆజ్ఞలా కనిపిస్తుంది గానీ, దాని వెనక ఉన్నది వడ్డన. ఆకులో అన్నం అయిపోయేలోపు మళ్లీ వడ్డించాలి, అంతే. ఆలస్యమైతే బంతిలో కూర్చున్న అందరికీ తెలిసిపోతుంది.

మొదటి రోజు ప్రోగ్రాం నడిచింది. తప్పు ఉందని ఎక్కడా చెప్పలేదు, శబ్దం మాత్రం రాలేదు. వాడు వాల్యూమ్ మూడుసార్లు చూసుకున్నాడు, స్పీకర్ పోయిందేమోనని సినిమా పాట పెట్టి చూశాడు. స్పీకర్ బాగానే ఉంది. వాడు రాసింది రెండే పనులు: ఫైలు తెరువు, వినిపించు. పైగేమ్ అనే లైబ్రరీలో, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కల మూటలో, 'వినిపించు' అంటే అది పని మొదలుపెట్టి, పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే తర్వాతి లైనుకు వెళ్లిపోతుంది. తర్వాతి లైను లేదు. ప్రోగ్రాం అయిపోయింది, పోతూ పోతూ శబ్దాన్ని కూడా తీసుకుపోయింది. వంటమనిషికి దోసె వేయమని చెప్పి, ఆ క్షణమే వంటింటికి తాళం వేసినట్టు.

ఇలా చెప్పి వచ్చేసే పద్ధతి ఒకటి, అయ్యేదాకా అక్కడే నిలబడే పద్ధతి ఇంకొకటి. విండోస్‌లో చాలాకాలంగా ఉన్న ప్లేసౌండ్ అనే ఫంక్షన్ మామూలుగా నిలబడే రకం, కావాలంటే చెప్పి వచ్చేయమని సూచించవచ్చు. ఆటల ప్రోగ్రాంలకు నిలబడే రకం పనికిరాదు. తుపాకీ పేలిన శబ్దం అయ్యేదాకా శత్రువు కదలకుండా ఉంటాడా మరి?

ఆగకుండా వెళ్లిపోతుందని తెలియగానే వాడు నంబర్లన్నీ ఒక లూప్‌లో, అంటే ఒకే పనిని వరసగా తిప్పే చక్రంలో, పెట్టాడు. అమ్మమ్మ ఒకేసారి ఏడెనిమిది నంబర్లు అరిచింది. పైగేమ్‌లో మామూలుగా 8 చానళ్లు ఉంటాయి, అంటే ఎనిమిది శబ్దాలు ఒకదాని మీద ఒకటి మోగగలవు. ఇక్కడ నాకు ఎప్పుడూ ముచ్చటేసే విషయం ఒకటుంది. కంప్యూటర్‌కు శబ్దం అంటే సంఖ్యల వరుస. మైకులోని పల్చని పొర గాలి తాకిడికి ముందుకీ వెనక్కీ ఊగుతుంటే, అది ఏ క్షణాన ఎక్కడుందో సెకనుకు వేల సార్లు కొలిచి రాసుకుంటారు. 16 బిట్ల ఫైలులో ఒక్కో కొలత −32,768 నుంచి 32,767 మధ్య ఒక పూర్ణాంకం. రెండు శబ్దాలను కలిపి వినిపించాలంటే ఏ క్షణానికి ఆ క్షణం సంఖ్యలను కూడితే చాలు. వీణా మృదంగమూ కలిసేది చిన్న పిల్లల కూడికతో. చిక్కల్లా గిన్నె పొంగడమే. 20,000కి 20,000 కలిపితే 40,000, అది 16 బిట్లలో పట్టదు. జాగ్రత్త తీసుకోకపోతే అది చుట్టు తిరిగి −25,536గా మారి బర్రుమంటుంది. మంచి లైబ్రరీలు చుట్టు తిరగనివ్వకుండా అంచు దగ్గరే ఆపేస్తాయి. అప్పుడు శబ్దం నలిగినట్టు ఉంటుంది, కానీ చెవులు చిల్లులు పడవు.

రెండో రోజు గొడవ ఫైళ్లది. మొదటి రోజు ల్యాప్‌టాప్‌లోనే రికార్డు చేసిన కొన్ని వేవ్ ఫైళ్లతో సరిపెట్టాడు; ఫోన్‌లో రికార్డయిన అసలువి మాత్రం ఎం4ఏ ఫైళ్లు. ప్రోగ్రాం వేవ్ ఫైళ్లు అడుగుతోంది. మనవాడు తొంభై ఫైళ్ల చివరి అక్షరాలు మార్చేశాడు. బియ్యం డబ్బా మీద కందిపప్పు అని రాస్తే పప్పు ఉడుకుతుందా? ప్రోగ్రాం ఫైలు పేరును పట్టించుకోలేదు, మొదటి కొన్ని బైట్లు చదివి ఇది వేవ్ కాదు పొమ్మంది.

వేవ్ అనేది 1991లో మైక్రోసాఫ్ట్, ఐబీఎం కలిసి తెచ్చిన పద్ధతి. ఇంత సాదాసీదా ఫైలు ఇంకొకటి ఉండదేమో. మామూలు వేవ్ ఫైలులో ముందు 44 బైట్ల చీటీ ఉంటుంది. సెకనుకు ఎన్ని కొలతలు, ఒక్కో కొలతకు ఎన్ని బిట్లు, ఒక చానలా రెండా (ఇక్కడ చానల్ అంటే ఎడమ చెవికో కుడి చెవికో వెళ్లే వరుస) అన్నది అందులో రాసి ఉంటుంది. ఆ తర్వాత మైకు చూసిన సంఖ్యలు ఉన్నవి ఉన్నట్టే. ఎంపీ3, ఎం4ఏలు అలా కాదు. గట్టి శబ్దం పక్కన మోగే చిన్న శబ్దం మన చెవికి ఎలాగూ ఆనదు కాబట్టి దానికి చోటు దండగ అని పిసినారి లెక్కలు వేసి, మిగిలినదాన్ని కుదించి దాచుకుంటాయి. వాటిని వినిపించాలంటే ముందు విప్పాలి. ఫైళ్లను సరైన కన్వర్టర్‌తో మార్చాం. ఒక్కో నంబరుకు 2 సెకన్లు వేసుకున్నా తొంభై కలిపి 18 మెగాబైట్లు దాటలేదు. ఇంత చిన్న పనికి కుదింపు అనవసరమని నా అభిప్రాయం.

ఇక్కడితో ఆగితే అయిపోయేది. "లైబ్రరీ లేకుండా నువ్వే సంఖ్యలు చదివి, వాటిని శబ్దం చేసే సౌండ్ కార్డుకు అందించు, అప్పుడు తెలుస్తుంది" అని నేనే ఎగదోశాను. వాడు నెట్‌లో దొరికిన ఒక ఉదాహరణలోంచి చానళ్లు 2, సెకనుకు కొలతల రేటు 44,100 అని ఉన్నది ఉన్నట్టు దించాడు. మా అమ్మ గొంతు ఉడుత గొంతైంది. రికార్డింగ్ ఒకే చానలుది. రెండని చెప్పేసరికి సౌండ్ కార్డు ఒక కొలత ఎడమ చెవికి, తర్వాతిది కుడి చెవికి పంచేసింది. రెండు సెకన్ల మాట దాదాపు ఒక్క సెకనులో అయిపోయింది, గొంతు మధ్య స్థాయి నుంచి దాదాపు తారస్థాయికి ఎగిరింది.

రెండును ఒకటి చేశాక ఉడుత పోయింది. కానీ గొంతు కొంచెం బరువుగా, నిద్రమత్తుగా ఉంది. ఈసారి తప్పు రేటుది. ఫోన్ సెకనుకు 48,000 చొప్పున కొలిచింది, వాడు 44,100 చొప్పున వదులుతున్నాడు. తేడా వందకు ఎనిమిదే అయినా సంగీతం తెలిసిన చెవి ఒప్పుకోదు: ఐదున్నర శ్రుతిలో పాడినావిడ ఐదుకీ నాలుగున్నరకీ మధ్య ఎక్కడో జారి పడుతుంది.

ఈ తప్పు కంప్యూటర్ సంగీతం పుట్టినప్పటి నుంచీ ఉంది. 1951లో మాంచెస్టర్‌లోని ఫెరాంటి మార్క్ 1 అనే యంత్రం చేత క్రిస్టఫర్ స్ట్రేచీ బ్రిటన్ జాతీయ గీతం వినిపించాడు. నిజానికి ఆ యంత్రానికి స్పీకర్ పెట్టింది పాటలకు కాదు, పని అయిందనో ఆగిందనో ఆపరేటర్‌కు తెలిసేలా ఒక కూత వేయడానికి. ఆ కూతను పదేపదే, వేర్వేరు వ్యవధుల్లో వేయిస్తే స్వరాలయ్యాయి. ఆ ఏడాదే బీబీసీ దాన్ని రికార్డు చేసింది. 2016లో న్యూజీలాండ్‌లో పరిశోధకులు ఆ రికార్డు బాగుచేయబోతే స్వరాలు తప్పాయి. ఆ యంత్రం అసలు పలకలేని స్వరాలు అందులో ఉన్నాయి! అలా పట్టుకున్నారు, రికార్డు చేసిన రోజు డిస్కు వేగం సరిగా లేదని. యంత్రం ఏయే స్వరాలు పలకగలదో లెక్కగట్టి వేగం సరిదిద్దారు. దశాబ్దాల తేడాతో మావాడిదీ అదే జబ్బు.

44,100 అనే ఈ వింత సంఖ్య ఎక్కడిదని వాడు అడిగాడు. మన చెవి వినగలిగేది సెకనుకు 20,000 ఊపుల దాకా. ఊపును పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలవాలి, అంటే 40,000 పైన. మిగిలింది వీడియో టేపు పుణ్యం. 1970ల చివర్లో ఇన్ని సంఖ్యలు దాచే చోటు వీడియో టేపే. అమెరికా టీవీ పద్ధతిలో బొమ్మ సెకనుకు 60 సార్లు, ప్రతిసారీ వాడుకోదగ్గ గీతలు 245, గీతకు 3 కొలతలు: గుణిస్తే 44,100. ఐరోపా పద్ధతిలో 50 సార్లు, 294 గీతలు, 3 కొలతలు: అదీ 44,100. రెండు లోకాలకూ సరిపోయిందని 1982లో వచ్చిన సీడీకి అదే ఖాయం చేశారు. ఇది సరిగ్గా 210 వర్గం కూడా, లెక్కల మాస్టార్లకు నచ్చే సంగతి.

మూడో రోజు తెర మీద నంబరు గిర్రున తిరిగే బొమ్మ పెట్టాడు. గొంతులో పటపటమని చిటికెలు మొదలయ్యాయి. ఇది అర్థం కావాలంటే మన అపార్ట్‌మెంట్ నీళ్ల ఏర్పాటు చూస్తే చాలు. సంపులో నీరుంటుంది, మోటారు అప్పుడప్పుడు పైన ట్యాంకు నింపుతుంది, కుళాయి మాత్రం ఒకే ధారగా పారుతుంది. సౌండ్ కార్డే ఆ కుళాయి. దానికి సెకనుకు ఇన్ని సంఖ్యలు కావాల్సిందే, ఒక్కటి తగ్గినా ఒప్పుకోదు. మన ప్రోగ్రాం మోటారు, మధ్యలో బఫర్ అనే చిన్న ట్యాంకు. మట్టం తగ్గగానే కార్డు గంట కొడుతుంది, ప్రోగ్రాం పరిగెత్తుకొచ్చి నింపాలి. 1024 కొలతలు పట్టే బఫర్ అయితే 44,100 రేటులో అది 23 మిల్లీసెకన్లకే ఖాళీ. మావాడి ప్రోగ్రాం ఆ సమయంలో బొమ్మ తిప్పడంలో మునిగి ఉంది. ట్యాంకు ఎండితే కుళాయి బుస్సుమని గాలి కక్కుతుందే, ఆ చిటికెలు అవే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నింపే పనిలో ఇంకే పనీ పెట్టుకోరు. ఫైలు తెరవడం, నెట్ నుంచి తేవడం లాంటివన్నీ ముందే చేసి ఉంచుకుంటారు.

ట్యాంకు పెద్దది చేస్తే సరి కదా అని వాడి సందేహం. సరే, కానీ సంపులో బ్లీచింగ్ కలిపితే ట్యాంకులో ఉన్న పాత నీరు అయ్యేదాకా కుళాయిలో ఆ వాసన రాదు. బఫర్ ఎంత పెద్దదైతే బటన్ నొక్కాక శబ్దం రావడం అంత ఆలస్యం. తంబోలాకు పావు సెకను ఆలస్యమైతే ఎవరికీ పట్టదు, కాబట్టి 8192కు పెంచేశాం. అదే ఫోన్‌లో మృదంగం వాయించే ఆప్ అయితే ఆ పావు సెకనుకు తాళం మొత్తం తప్పుతుంది.

ఒకప్పుడు ఈ ట్యాంకు కూడా లేదు. 1981 నాటి ఐబీఎం పీసీలో ఉన్న చిన్న స్పీకర్‌కు తెలిసింది ఉండటం, లేకపోవడం, అంతే. దానితో మాట పలికించాలంటే ప్రాసెసర్ మిగతా పనులన్నీ మానేసి, స్పీకర్‌ను వేల సార్లు వేస్తూ తీస్తూ కూర్చునేది. 1989లో సింగపూర్ కంపెనీ క్రియేటివ్ తెచ్చిన సౌండ్ బ్లాస్టర్ లాంటి కార్డులు మెమరీలోంచి సంఖ్యలను తామే తోడుకోవడం మొదలుపెట్టాక ప్రాసెసర్‌కు ఊపిరాడింది.

మధ్యలో దీన్ని వెబ్ పేజీగా చేద్దామని కూడా వాడు ఒక పూట ప్రయత్నించాడు. బ్రౌజర్ ఒప్పుకోలేదు. చూసేవాళ్లు పేజీని ఒక్కసారైనా తాకనిదే మామూలుగా శబ్దం రానివ్వదు. 2017 నుంచి 2019 మధ్య పెద్ద బ్రౌజర్లు ఈ నియమం పెట్టాయి. అడక్కుండా మోగే ప్రకటనల బాధ పడినవాణ్ని కాబట్టి నేను బ్రౌజర్ పక్షమే.

నాలుగో రోజు, ఆట రేపనగా, కింద సెల్లార్‌లో బ్లూటూత్ స్పీకర్‌తో పరీక్ష పెట్టాం. తెర మీద 37. స్పీకర్ "ఏడు" అంది. తర్వాత 64 పడితే "నాలుగు" అంది. ఫైళ్లు బాగున్నాయి, ల్యాప్‌టాప్‌లో బాగా పలికాయి. కాసేపటికి తట్టింది: నంబరుకూ నంబరుకూ మధ్య నిశ్శబ్దంలో ఆ స్పీకర్ బ్యాటరీ ఆదా కోసం కునుకు తీస్తోంది. మళ్లీ శబ్దం రాగానే లేచి కళ్లు నులుముకునేసరికి "ముప్పై" వెళ్లిపోతోంది. ప్రతి నంబరు ముందు ఒక టింగ్ పెడదామన్నాన్నేను. వాడు ఇంకా మంచిది చెప్పాడు: ప్రవాహాన్ని అసలు ఆపొద్దు, మాట లేనప్పుడు సున్నాలు పంపుదాం. నిశ్శబ్దం కూడా సంఖ్యే కదా, సెకనుకు 48,000 సున్నాలు. స్పీకర్‌కు ఆ తర్వాత నిద్ర పట్టలేదు.

పండగ రోజు సాయంత్రం అమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. కింద ఆమె గొంతు స్పష్టంగా, ఐదున్నర శ్రుతికి ఐదున్నరలోనే మోగుతోంది. పావుగంట గడిచాక పైనుంచి అసలు గొంతు వినిపించింది: "ఒరేయ్, అరవై ఏడు రెండుసార్లు పిలిచావురా!"

నిజమే. శబ్దం గొడవలో పడి, పిలిచేసిన నంబరును జాబితాలోంచి తీసేసే లైను రాయడం మర్చిపోయాడు.