క్లోరిన్ వాసన ఘాటుగా వస్తే పూల్ శుభ్రంగా ఉన్నట్టు కాదు

స్విమ్మింగ్ పూల్ దగ్గరికి వెళ్లగానే ఘాటుగా ముక్కుకు కొట్టే వాసన చూసి చాలామంది "క్లోరిన్ బాగానే వేశారు, ఇక భయం లేదు" అనుకుంటారు. నిజం దాదాపు దీనికి తలకిందులు. సరైన మోతాదులో ఉన్న క్లోరిన్‌కు పెద్దగా వాసన ఉండదు. మన చెమట, మూత్రం నీళ్లలో కలిసినప్పుడు వాటితో క్లోరిన్ చర్య జరిపి క్లోరమైన్లు తయారవుతాయి, ఆ ఘాటు వాటిదే, కళ్లు మండేదీ దగ్గు వచ్చేదీ ఎక్కువగా వాటివల్లే. పైగా అలా చిక్కుకుపోయిన క్లోరిన్‌కు క్రిములను చంపే శక్తి బాగా తగ్గిపోతుంది. అందుకే దిగేముందు ఒక్క నిమిషం ఒళ్లు కడుక్కోమని అంత గట్టిగా చెప్పేది.

ఇక ఇళ్లలో పూల్ ఉన్నవాళ్లు ఎక్కువగా వదిలేసేది పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్ల, క్షార గుణాల కొలత. నాకైతే మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదే అనిపిస్తుంది. నీళ్లలో వేసిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది: హైపోక్లోరస్ ఆమ్లం, హైపోక్లోరైట్. క్రిములను వేగంగా చంపేది మొదటిది, రెండోది చాలా నెమ్మది. ఏది ఎంత ఉంటుందనేది పీహెచ్ మీద ఆధారపడుతుంది. 7.5 దగ్గర రెండూ ఇంచుమించు చెరిసగం ఉంటాయి, అదే 8కి చేరితే మొదటిది సుమారు పావు వంతుకు పడిపోతుంది. అంటే టెస్ట్‌లో క్లోరిన్ బాగానే కనబడుతుంది, నీళ్లు కూడా తేటగానే ఉంటాయి, కానీ జరగాల్సిన పని మాత్రం జరగదు. పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉంచుకుని, పూల్‌లో లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము, హాట్ టబ్‌లో (కూర్చునే వేడినీళ్ల తొట్టిలో) కనీసం 3 మిల్లీగ్రాముల ఫ్రీ క్లోరిన్, అంటే ఇంకా దేనిలోనూ చిక్కుకోని క్లోరిన్, ఉండేలా చూసుకోవాలి. కంటితో చూసి చెప్పగలిగేది కాదు ఇది, టెస్ట్ స్ట్రిప్ ముంచాల్సిందే.

ఆరుబయట పూల్ అయితే ఎండ క్లోరిన్‌ను గంటల్లోనే తినేస్తుంది. దాన్ని ఆపడానికి సయాన్యూరిక్ ఆమ్లం వాడతారు, ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్లల్లో ఇది కలిసే ఉంటుంది. చిక్కేమిటంటే క్లోరిన్ ఖర్చయిపోతుంది గానీ ఇది నీళ్లలోనే ఉండిపోయి నెలలు గడిచేకొద్దీ పేరుకుంటుంది, క్లోరిన్ పనిని మందగింపజేస్తుంది, అందుకే ఇది వాడే పూల్‌లో ఫ్రీ క్లోరిన్ లీటరుకు కనీసం 2 మిల్లీగ్రాములు ఉండాలంటారు. మరీ ఎక్కువైతే కొన్ని నీళ్లు తీసేసి కొత్త నీళ్లు పట్టడమే సులువైన దారి.

హాట్ టబ్‌ను చిన్న పూల్ అనుకోవడం ప్రమాదం. కాసిని నీళ్లలో నలుగురు కూర్చుంటారు, వేడికి, బుడగలకు క్లోరిన్ త్వరగా పోతుంది, ఆ వెచ్చదనంలోనే క్రిములు పెరుగుతాయి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల ఒంటి మీద ఎర్రటి పొక్కులు వస్తాయి, అవి చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా అలా కాదు, అది నీటి తుంపరలతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తుంది. 1999లో నెదర్లాండ్స్‌లో ఒక పూల ప్రదర్శనలో ప్రదర్శనకు పెట్టిన వర్ల్‌పూల్ టబ్ (నీళ్లు సుడులు తిరిగే హాట్ టబ్) నుంచి ఇది వ్యాపించి సుమారు 200 మంది జబ్బుపడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎవరూ టబ్‌లోకి దిగనే లేదు, దాని పక్కగా నడిచారంతే! వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వకండి. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే దిగాలి, మద్యం తాగినవాళ్లు అసలు దిగకూడదు.

రసాయనాల విషయంలో మొహమాటం లేకుండా చెప్తాను. ఆమ్లం, క్లోరిన్ కలిస్తే విషవాయువు పుడుతుంది. ట్రైక్లోర్, కాల్షియం హైపోక్లోరైట్ రెండూ క్లోరిన్ మందులే కదా అని ఒకే డబ్బాలో పోస్తే మంటలు లేవొచ్చు, పేలొచ్చు కూడా, కాబట్టి కొలిచే చెంచా కూడా దేనికదే ఉండాలి. నీళ్లలో మందు వెయ్యాలి తప్ప మందు మీద నీళ్లు పోయకూడదు.

పిల్లలు మునిగేటప్పుడు కేకలు వినబడతాయని ఎదురుచూడకండి, చాలాసార్లు చడీచప్పుడు ఉండదు. నాలుగు వైపులా కంచె, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు, నీళ్లలో పిల్లలున్నంతసేపూ ఫోన్ పక్కన పెట్టి చూసే ఒక పెద్దమనిషి, ఈ మూడూ ఉండాలి. అడుగున ఉండే డ్రెయిన్ కవర్ కూడా చూసుకోండి, అది పగిలినా ఊడినా పంపు లాగే బలానికి జుట్టో చెయ్యో ఇరుక్కుంటే పెద్దవాళ్లు కూడా విడిపించలేరు. కవర్ మార్చేదాకా ఎవరినీ దిగనివ్వకండి, పంపు ఆపే స్విచ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించి పెట్టండి.