పార్కులో జల్లుల ఆట: చోటు ఎంచే ముందు తెలియాల్సిన డెల్టా నీటి కథ

ఎండాకాలం సెలవుల్లో పిల్లలు నీళ్లలో ఆడుకోవడానికి పట్టణంలో ఒక చోటు కావాలన్న కోరిక గోదావరి జిల్లాల్లో కొత్తది కాదు. లోతు లేని గచ్చు, అందులోంచి పైకి చిమ్మే జల్లులు, పక్కన పెద్దవాళ్లు కూర్చునేందుకు నీడ. హైదరాబాదులోనో విశాఖలోనో ఇలాంటివి చూసొచ్చినవాళ్లు రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం పార్కుల్లో కూడా ఉంటే బాగుండునంటారు. అడగడం న్యాయమే. కానీ మాట ఎప్పుడూ ‘ఏ పార్కు అందరికీ దగ్గర’ అన్న దగ్గరే తిరుగుతుంది. డెల్టాలో అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. మే నెలలో ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అక్టోబరు వానకి ఎటు పోతాయి?

ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు పారాయి. ఆ కాలువ వరికి నీళ్లిచ్చింది, పడవకి దారయింది, ఊళ్లో మంచినీళ్ల చెరువునీ నింపింది. తర్వాత పాత ఆనకట్ట స్థానంలో బరాజ్ వచ్చింది గానీ కాలువల ఏడాది పద్ధతి మారలేదు. దాళ్వా (రెండో పంట వరి) చేతికొచ్చాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు. పూడిక తీసి, లాకులు, తూములు బాగుచేసుకుని జూన్‌లో మళ్లీ వదులుతారు. పిల్లలకు సెలవులు, ఎండ నడినెత్తికెక్కేది, కాలువ ఎండేది ఒకే కాలంలో. కాకినాడ, భీమవరం లాంటి పట్టణాలు ఆ రోజుల్ని ముందే నింపి పెట్టుకున్న చెరువుల మీద గడుపుతాయి. రాజమహేంద్రవరం ఏటి ఒడ్డునే ఉంది కాబట్టి కొంత నయం. అయినా వేసవిలో అక్కడా గోదావరి ఇసుక మేటల మధ్య పాయలై సన్నగిల్లుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. జల్లులన్నీ కలిపి నిమిషానికి 200 లీటర్లు పోస్తాయనుకుంటే గంటకి 12,000 లీటర్లు. రోజుకి నాలుగు గంటలు నడిపితే 48,000. భూగర్భ డ్రైనేజీ ఉన్న పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లన్నది కేంద్ర ప్రమాణం. ఆ లెక్కన వాడి వదిలేసే నీరు దాదాపు 355 మంది ఒక రోజు అవసరాలకి సరిపోతుంది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధి పక్కన ఆ నీళ్లు మురుక్కాలవలోకి పోతుంటే ఆ పార్కు మీద ఎవరికీ ప్రేమ మిగలదు. బోరు వేసుకోమంటారు. సముద్రం వైపు డెల్టాలో బోరు నీరు చాలాచోట్ల ఉప్పన. గొట్టాల మూతుల దగ్గర తెల్లటి పొర కడుతుంది, పిల్లల కళ్లు మండుతాయి.

అందుకే నీటిని వడకట్టి, శుద్ధిచేసి మళ్లీ వాడే పద్ధతి తప్పనిసరి అవుతుంది. దాని కథ వేరే దేశంలో చాలా ఖరీదుగా నేర్చుకున్నారు. 2005లో న్యూయార్క్ రాష్ట్రంలో సెనెకా సరస్సు పార్కులోని జల్లుల ఆట స్థలం వల్ల వేలమంది విరేచనాలతో మంచం పట్టారు. కారణం క్రిప్టోస్పోరిడియం అనే కంటికి కనిపించని పరాన్నజీవి. అది క్లోరిన్‌కి అంత తేలిగ్గా చావదు. అతినీలలోహిత కాంతితో శుద్ధి కూడా ఉండాలన్న నియమం ఆ రాష్ట్రంలో ఆ దెబ్బతోనే వచ్చింది. 1997 నుంచి 2022 వరకు అమెరికాలో ఇలాంటి చోట్ల 60 సార్లు జబ్బులు ప్రబలి, 10,611 మంది బాధపడ్డట్టు అక్కడి వ్యాధుల నియంత్రణ కేంద్రం లెక్క తేల్చింది. 2021లో టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో మెదడుకు సోకే అమీబాతో ఒక చిన్నపిల్లాడు చనిపోయాడు. విచారిస్తే, కొన్ని రోజులు క్లోరిన్ కొలిచి రాయనే లేదని బయటపడింది. యంత్రం ఉన్నా సరిపోదు, పొద్దున్నే నీళ్లు పరీక్షించి పుస్తకంలో రాసే మనిషి ఉండాలి. ఆ అమీబాకి వెచ్చని మంచినీరంటే ఇష్టం. 2024లో కేరళలో పిల్లల్ని బలిగొన్నదీ అలాంటి జబ్బే. మన డెల్టాలో వేసవి నీరు ఎంత వెచ్చగా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇంత జాగ్రత్త ఎందుకు, మేమంతా కాలవలో ఈదినవాళ్లమే అని పెద్దలంటారు. నిజమే. రేవు మెట్ల మీంచి దూకి, లాకు దగ్గర సుడి ఎటు తిరుగుతుందో తెలిసి పెరిగిన తరం వాళ్లది. కానీ ఆ కాలువల్లో ఇప్పుడు పట్టణాల మురుగు, చేపలూ రొయ్యల చెరువులు వదిలిన నీరు, వాటి మీద గుర్రపుడెక్క. రాజమహేంద్రవరంలో నల్లా ఛానల్, ఆవ ఛానల్ గోదావరిలోకి మోసుకొచ్చే మురుగు గురించి ఎన్నేళ్లుగా మొత్తుకుంటున్నారో ఆ ఊరివాళ్లకి తెలుసు. ఇంకో సంగతీ ఉంది. ఆ రేవు ఈత మగపిల్లలకి దక్కినంతగా ఆడపిల్లలకి దక్కలేదు. బట్టలు ఉతికే మెట్టు దాటి నీళ్లలోకి దిగితే కేకలేసేవారు. పార్కులో జల్లుల ఆట వస్తే ఎక్కువ లాభపడేది వాళ్లే. నేను దీన్ని గట్టిగా కోరుకోవడానికి ఇదే పెద్ద కారణం.

డబ్బుల సంగతి క్లుప్తంగా. 2015లో కేంద్రం తెచ్చిన అమృత్ పథకం నీరు, మురుగు పనులతో పాటు పార్కులకీ కొంత వాటా పెట్టింది. రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు, భీమవరం, తాడేపల్లిగూడెం ఆ జాబితాలో ఉన్నాయి. 2016 జనవరిలో స్మార్ట్ సిటీల తొలి జట్టులో కాకినాడకి చోటు దొరికింది. నడక దారులు, ఊయలలు, ఫౌంటెన్లు వచ్చాయి. మోటారు కాలిపోయాక రిపేరుకి నోచుకోక, తొట్టిలో పాచి పట్టి, దోమలు ముసిరే ఫౌంటెన్ చూడనివాళ్లు ఈ పట్టణాల్లో అరుదు. కట్టే డబ్బు ఒక పద్దులో, నడిపే డబ్బు ఇంకో పద్దులో ఉన్నంతకాలం జల్లుల గచ్చుకీ అదే గతి పడుతుంది.

ఇప్పుడు 2027 పుష్కరాలు దగ్గరపడుతున్నాయి కాబట్టి చూపంతా ఏటి ఒడ్డు మీదే ఉంది. ఘాట్ల పక్కన ఖాళీ స్థలం ఉంది, గాలి బాగుంటుంది, అక్కడే పెట్టేద్దామన్న ఆలోచన సహజం. నాకది ఇష్టం లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 17.75కి మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఏటిగట్టుకి నది వైపున పెట్టిన పంపుగది, కరెంటు పెట్టె అలాంటి వరదకి ఒండ్రులో కూరుకుపోతాయి. వరద రాకపోయినా పుష్కరాలప్పుడు జనం ఉంటారు. 2015 జులై 14న పుష్కర ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటని మరిచిపోలేం. పిల్లలు గుంపుగా పరిగెత్తే చోటు ఆ రద్దీ దారికి ఎంత దూరంగా ఉంటే అంత మేలు.

ఒడ్డు వదిలి ఊళ్లోకి వస్తే పార్కుల పుట్టుక చూడాలి. వరిచేలు లేఅవుట్లయ్యాయి. లేఅవుట్‌లో పదో వంతు ఖాళీగా వదలాలన్న నియమం ఉంది, వదిలింది తరచూ ప్లాటుగా అమ్ముడుపోని పల్లపు మూల. కొన్నిచోట్ల ఊరచెరువునే పూడ్చి పార్కన్నారు. మెరక చేసినా కింద పాత రేగడి, పాత ఊట ఉండనే ఉంటాయి. ఇక్కడ ఒక పని దగ్గరగా చూడండి. వాడిన నీరు చేరడానికి గచ్చు కింద సంపు తవ్వాలి. సార్వా (వానాకాలం వరి) కాలంలో కాలువ నిండుగా పారుతుంటే నేలలో నీరు రెండు మూడు అడుగుల లోతులోనే తగిలే చోట్లున్నాయి. అప్పుడే శుభ్రం చేయడానికి సంపు ఖాళీ చేశారనుకోండి, కింది నీరు దాన్ని పైకి నెడుతుంది. బరువు చాలకపోతే సంపు కదిలి, గొట్టాల అతుకులు ఊడి, పై గచ్చు పగులుతుంది. ఆ పగుళ్లలోంచి మురుగు ఊట లోపలికి చేరితే ఎంత క్లోరిన్ వేసినా నీరు దారికి రాదు.

కాకినాడది మరో చిక్కు. పల్లపు ఊరు. వాన నీరు ఉప్పుటేరు వైపు పోవాలి. సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు కదలదు. అలాంటి వార్డులో జల్లుల గచ్చు పెడితే వీధి నీరంతా వచ్చి అందులో నిలుస్తుంది.

అందుకని నా ఓటు ఓవర్‌హెడ్ ట్యాంకు పక్కనున్న పార్కుకి. అక్కడ వాల్వు తిప్పే మనిషి రోజూ ఉంటాడు, క్లోరిన్ నిల్వ ఉంటుంది, పంపుకి కరెంటు లైను ఉంటుంది, ట్యాంకు మట్టం పడిపోతే జల్లులు ఆపేయమని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చుట్టూ మున్సిపల్ బడి ఉంటే ఇంకా మంచిది. పడమటి వైపు వేపో కానుగో ఎదిగి ఉన్న పార్కునే చూడాలి. మొక్క నాటి నీడ కోసం ఎదురుచూస్తే ఇప్పటి పిల్లలు పెద్దవాళ్లైపోతారు. టికెట్ మాత్రం వద్దు. ఏసీ ఉన్న ఇంటి పిల్లలకి వేసవి గడపడానికి వేరే దారులున్నాయి.

స్థలం ఖాయం చేసేముందు నేల పరీక్ష ఎలాగూ చేయిస్తారు. బిల్లులు, టెండర్ల వరస వల్ల అది ఏప్రిల్, మే నెలల్లో పడితే కాలువలు కట్టేసి ఉంటాయి, నేలలో నీరు లోతుకి దిగి ఉంటుంది, ఏ పల్లపు పార్కైనా బాగానే కనిపిస్తుంది. పరీక్షకి తవ్విన గుంటలోనే నీరు ఎంత లోతున తగులుతుందో ఆగస్టులో, కాలువ నిండా పారుతున్నప్పుడు ఇంకోసారి కొలవాలి. సంపు లోతు, గోడ మందం ఆ రెండో అంకె చూసి నిర్ణయించాలి.