మార్స్ మీద డ్రోన్: "ఇంకాస్త వేగంగా తిప్పితే ఎగరదా?" అనేవారికి

మార్స్ మీద ఎగిరిన నాసా చిన్న హెలికాప్టర్ ఇంజెన్యుటీ గురించి ఎక్కడ మాట్లాడినా, చివర్లో ప్రశ్న అడగడానికి చెయ్యెత్తేవారిలో ఒకరు తప్పకుండా ఇదే అడుగుతారు. "అక్కడ గాలి పలచన, నిజమే. కానీ గురుత్వం కూడా తక్కువే కదా! కాస్త పెద్ద మోటారు పెట్టి వేగంగా తిప్పితే మన డ్రోనే ఎగరదా?" అడిగేవారిని తప్పుపట్టలేం. యూట్యూబ్ వీడియోలు చెప్పేది అంతే. కాకపోతే ఈ అపోహతో మొదలైన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు డిసెంబరు దాకా బాగానే నడుస్తుంది, ఫిబ్రవరిలో గోడకు కొట్టుకుంటుంది. అప్పటికి మోటార్లు కొనేసి ఉంటారు. మిగతా అపోహల వల్ల పోయేదేమీ లేదు. దీనివల్ల ఏడాది పోతుంది. అందుకే ముందు దీని లెక్క చూద్దాం.

1.8 కిలోల క్వాడ్‌కాప్టర్, నాలుగు 10 అంగుళాల ప్రొపెల్లర్లు. భూమి మీద గాలిలో నిలబడాలంటే ఒక్కో ప్రొపెల్లర్ సుమారు 4.4 న్యూటన్ల థ్రస్ట్ (పైకి తోసే బలం) ఇవ్వాలి. అందుకు 5,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) చుట్టుపక్కల తిరుగుతుంది, బ్లేడు కొస వేగం సెకనుకు 73 మీటర్లు. దాన్నే మార్స్ మీద ఇంజెన్యుటీ ఎగిరిన జెజెరో బిలానికి తీసుకెళదాం. గురుత్వం 0.38 వంతు కాబట్టి కావలసిన థ్రస్ట్ 1.67 న్యూటన్లకు దిగుతుంది. ఇక్కడిదాకా అందరూ లెక్క వేస్తారు. గాలి సాంద్రత మాత్రం ఘనపు మీటరుకు 1.225 కిలోల నుంచి 0.016కి పడిపోతుంది, అంటే 76 రెట్లు తక్కువ. బరువులో వచ్చిన లాభం రెండున్నర రెట్లు, గాలిలో వచ్చిన నష్టం 76 రెట్లు. థ్రస్ట్ ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది గనక వేగం 5.4 రెట్లు పెంచాలి. సుమారు 29,600 ఆర్‌పీఎం. కొస వేగం సెకనుకు 394 మీటర్లు.

గోడ ఇక్కడుంది. చల్లటి కార్బన్ డయాక్సైడ్‌లో ధ్వని వేగం సెకనుకు సుమారు 240 మీటర్లే, మన దగ్గరలా 340 కాదు. అంటే కొస మాక్ సంఖ్య (ధ్వని వేగానికి ఎన్ని రెట్లు అన్నది) 1.6 దాటింది. అంత దూరం పోకముందే షాక్ తరంగాలు పుట్టి డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) ఒక్కసారిగా ఎగబాకుతుంది, పవర్ అంతా అందులోకే పోతుంది. మోటారు ఎంత పెద్దదైనా ఇక లాభం లేదు.

కాబట్టి లెక్క రెండో చివర నుంచి మొదలుపెట్టాలి. ముందు కొస వేగం నిర్ణయించండి, తర్వాత వైశాల్యం వెతకండి. కొస వేగాన్ని సెకనుకు 160 మీటర్ల దగ్గర ఆపితే, మన క్వాడ్ ప్రొపెల్లర్ల మొత్తం వైశాల్యానికి ఆరు రెట్లు, 1.2 చదరపు మీటర్లు కావాలి. ఇంజెన్యుటీ రోటరు వ్యాసం 1.21 మీటర్లు, వైశాల్యం 1.15 చదరపు మీటర్లు, మొదట్లో తిరిగింది 2,537 ఆర్‌పీఎం, కొస మాక్ 0.7 లోపు. ఆ వైశాల్యం గాలిలోంచి ఊడిపడలేదు! దానిమీద ఎదురు దిశలో తిరిగే ఇంకో రోటరు పెట్టడానికి కారణాలు రెండు: హెలికాప్టర్‌నే గిరగిరా తిప్పేసే టార్క్ రద్దు కావాలి, బ్లేడు స్టాల్ కాకుండా (గాలి మీద పట్టు తప్పి లిఫ్ట్ పోకుండా) మార్జిన్ మిగలాలి. దాన్ని మోసుకెళ్లిన పర్సెవరెన్స్ రోవర్ (చక్రాల బండి) పొట్ట కింద పక్కకు ఒరిగించి, కాళ్లు మడిచి అమర్చాలి కాబట్టి అంతకన్నా పెద్ద రోటరుకు చోటూ లేదు.

"మరి నాసావాళ్లు తర్వాత కొత్త బ్లేడును 0.95 మాక్ దాకా తిప్పారు కదా" అంటారు కొందరు. తిప్పారు, 2023లో, భూమి మీదే మార్స్ గాలిని పోలిన చాంబర్‌లో, 3,500 ఆర్‌పీఎం దగ్గర. ఆ వేగానికే ప్రత్యేకంగా గీసిన కార్బన్ ఫైబర్ బ్లేడు అది. బజార్లో దొరికే ప్రొపెల్లర్‌తో అయ్యే పని కాదు.

లిఫ్ట్ (పైకి లేపే బలం) వచ్చింది సరే, అంతటితో అయిపోలేదు. పలచని గాలి, చిన్న బ్లేడు కలిస్తే రెనాల్డ్స్ సంఖ్య (గాలి జిగటతో పోలిస్తే దాని వేగం ప్రభావం ఎంతో చెప్పే అంకె) పది వేల స్థాయికి దిగిపోతుంది. మనం వాడే మందపాటి ఎయిర్‌ఫాయిల్ (బ్లేడు అడ్డకోత ఆకారం) అక్కడ చెత్తగా పనిచేస్తుంది, పలచటి సెక్షన్ కావాలి. భూమి మీద బ్లేడు పైకీ కిందికీ కొట్టుకుంటే దట్టమైన గాలే దాన్ని అణచేస్తుంది. అక్కడ అణచే గాలి లేదు. కంట్రోల్ ఇచ్చిన ప్రతిసారీ బ్లేడు ఊగుతూనే ఉంటుంది. అందుకే ఇంజెన్యుటీ బ్లేడ్లను ఫోమ్ మీద కార్బన్ ఫైబర్ చుట్టి, వాటిని పట్టి ఉంచే హబ్‌తో సహా చాలా బిగువుగా కట్టారు. ఫ్లాపింగ్ ఫ్రీక్వెన్సీ (బ్లేడు పైకీ కిందికీ ఊగే వేగం) కంట్రోల్ బ్యాండ్‌విడ్త్‌కి (కంట్రోల్ స్పందించే వేగానికి) చాలా పైన ఉండాలి. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎక్కువగా కనబడనిది ఈ ఒక్క వాక్యమే.

మోటారుకూ చల్లగాలి తగలదు. ఎగురుతున్నంతసేపూ సెకనుకు సుమారు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది. ఇంజెన్యుటీ అతి పొడవైన ఫ్లైట్ 169.5 సెకన్లతో ఆగిందంటే ఈ వేడీ ఒక కారణమే.

ఇక ఇంజెన్యుటీ బ్యాటరీ. ఆరు లిథియం అయాన్ సెల్స్, కొత్తగా ఉన్నప్పుడు మొత్తం సుమారు 36 వాట్-అవర్లు. ఎగరడానికి 350 వాట్లు కావాలి, కాబట్టి 90 సెకన్ల ఫ్లైట్‌కి ఖర్చు 9 వాట్-అవర్ల లోపే. రాత్రి ఉష్ణోగ్రత మైనస్ 90 డిగ్రీలకు పడిపోతుంది. సెల్స్, బోర్డులు పగిలిపోకుండా హీటర్లు వెలగాలి, వాటికి డిజైన్ అంచనా 21 వాట్-అవర్లు. అంటే ఎగరడానికి కాదు, బతకడానికే ఎక్కువ ఖర్చు. 2022లో దుమ్మూ చలికాలమూ కలిసి ఛార్జింగ్ తగ్గినప్పుడు రాత్రంతా హీటర్లు నడపడం కుదరలేదు. గడియారం రీసెట్ అయి కొన్నాళ్లు సంబంధం తెగింది కూడా. గాలి సాంద్రతా ఏడాది పొడవునా ఒకేలా ఉండదు: డిజైన్ చేసింది 0.0145 నుంచి 0.0185 దాకా, ఆ తర్వాతి కాలంలో 0.012కి దిగింది. అందుకే 2021 అక్టోబరులో 14వ ఫ్లైట్‌కి రోటరును 2,700 ఆర్‌పీఎంకి పెంచి చూశారు. ఆ పెంపుకు మొదట్నుంచీ జాగా వదిలి ఉంచారు కాబట్టే కుదిరింది.

మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

భూమి నుంచి జాయ్‌స్టిక్‌తో నడిపారన్నది అబద్ధం. సిగ్నల్ ఒకవైపు చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఫ్లైట్ ముందురోజే ప్లాన్ పంపేవారు. మిగతాదంతా కిందికి చూసే కెమెరా, ఐఎంయూ (కదలికను కొలిచే సెన్సరు), ఎత్తు కొలిచే లేజర్ ఆల్టిమీటర్ చూసుకునేవి. ఆరో ఫ్లైట్‌లో ఒక్క ఫొటో తప్పిపోయి, తర్వాతి ఫొటోలన్నిటికీ తప్పు సమయం అంటుకుంటే హెలికాప్టర్ ఊగిపోయింది.

బ్యాటరీ చచ్చి ఆగిపోయిందనేదీ తప్పే. 2024 జనవరి 18న 72వ ఫ్లైట్‌లో, గుర్తులేమీ లేని ఇసుక అలల మీద కెమెరాకు ఆనవాళ్లు దొరక్క, పక్కకు జారుతూ గట్టిగా దిగింది. బ్లేడ్లు విరిగాయి. 5 ఫ్లైట్ల కోసం చేసింది 72 ఎగిరింది.

2022 ఏప్రిల్‌లో తీసిన ఫొటోలోని "ఎగిరే పళ్లెం" పర్సెవరెన్స్ దిగేటప్పుడు వదిలేసిన బ్యాక్‌షెల్, అంటే రక్షణ కవచం పైభాగం. దయచేసి ఫార్వర్డ్ చేయకండి.

దుమ్ము తుఫాను హెలికాప్టర్‌ను ఎగరేసుకుపోదు. అక్కడ సెకనుకు 30 మీటర్ల గాలి తోసే తోపు ఇక్కడ మూడున్నర మీటర్ల పిల్లగాలితో సమానం. తుఫాను భయం బ్యాటరీ నింపే సోలార్ ప్యానెల్ మీద పడే దుమ్ము గురించే.

"ఒక్క మనిషి కనిపెట్టాడు" అనే వాట్సాప్ కథ కూడా తిరుగుతూ ఉంటుంది. చీఫ్ ఇంజినీరు బాబ్ బలరాం మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ స్కూల్లో, తర్వాత ఐఐటీ మద్రాసులో చదివినవారు, మనకది సంతోషమే. అయితే ప్రాజెక్టు మేనేజర్ మిమీ ఆంగ్, పైలట్ హోవార్డ్ గ్రిప్, ఇంకా పెద్ద జట్టు పనిచేశాయి.

శని ఉపగ్రహం టైటన్‌కి వెళ్లే నాసా డ్రోన్ డ్రాగన్‌ఫ్లై ఇంకా కష్టం అనుకుంటారు. ఎగరడం వరకూ అది చాలా తేలిక. గాలి మన కన్నా 4.4 రెట్లు దట్టం, గురుత్వం ఏడో వంతు, అదే ద్రవ్యరాశికి, అదే రోటరుకు పవర్ భూమి మీద కావలసిన దానిలో నలభయ్యో వంతు చాలు. కష్టం ఉన్నది మైనస్ 179 డిగ్రీల చలిలో, సోలార్ ప్యానెల్‌కి పనికిరాని వెలుతురులో. అందుకే అది ప్లుటోనియం వేడితో కరెంటు తీసే జనరేటర్ మోసుకెళుతుంది, దాంతో బ్యాటరీ నింపుకుని ఎగురుతుంది, ఎక్కువ కాలం నేల మీదే ఉంటుంది. ప్రయోగం 2028 జులైలో, చేరేది 2034లో.

చివరిది ఈ రంగంలోని ఇంజినీర్ల సొసైటీల గురించి. "అవి పెద్ద ఉద్యోగుల క్లబ్బులు, మనల్ని రానివ్వరు" అని వెనకాడే విద్యార్థులు చాలామంది. వెర్టికల్ ఫ్లైట్ సొసైటీ 1943లో అమెరికన్ హెలికాప్టర్ సొసైటీగా మొదలైంది, 2018లో పేరు మార్చుకుంది. విద్యార్థుల డిజైన్ పోటీకి అది 2000లో ఇచ్చిన అంశమే మార్స్ రోటర్‌క్రాఫ్ట్. మేరీల్యాండ్, జార్జియా టెక్ జట్లు అప్పుడే పేజీల కొద్దీ లెక్కలు చేశాయి, ఇంజెన్యుటీ ఎగరడానికి 21 ఏళ్ల ముందు. ఈ పోటీలో అమెరికా బయటి జట్లూ పాల్గొంటాయి, అండర్‌గ్రాడ్యుయేట్లకు వేరే విభాగం ఉంది. మన దగ్గర 1948లో ఏర్పడిన ఏరోనాటికల్ సొసైటీ ఆఫ్ ఇండియాకు హైదరాబాద్ బ్రాంచ్ ఉంది.

అమెరికాలో ఎఫ్‌1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్ల బెంగ వేరు. "పౌరసత్వం లేదు, ఈ రంగం మూసుకుపోయినట్టే" అని. ఇంజెన్యుటీ జట్టు రాసిన పేపర్లు బహిరంగంగానే ఉన్నాయి, పై లెక్కలకు వీసా అక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త: సొసైటీ చాప్టర్ (స్థానిక శాఖ) సభ నాసా కేంద్రం లోపల జరిగితే పౌరులు కానివారికి ముందస్తు అనుమతి కావాలి, కాబట్టి ప్రకటన రాగానే నిర్వాహకులకు మెయిల్ పెట్టండి. ముందురోజు పెడితే గేటు దగ్గరే ఆగిపోతారు. రక్షణ ల్యాబుల ఆవరణలో జరిగే సభలకు ఇక్కడా గేటు పాసు తప్పదు.

అలాంటి సభలో ఒక ఇంజినీరుకు మీ డిజైన్ చూపించాలనుకుంటే నలభై స్లయిడ్లు వద్దు, ఒక్క పేజీ చాలు. అందులో భాగాలవారీ బరువుల పట్టిక, బరువు పెరుగుతుందని వదిలిన 20 శాతమైనా మార్జిన్, ఏ సాంద్రత నుంచి ఏ సాంద్రత దాకా ఎగురుతుంది, అత్యధిక కొస మాక్, మడిచినప్పటి కొలతలు, ఒక మార్స్ రోజుకు వాట్-అవర్ల జమాఖర్చు ఉండాలి. రాత్రి హీటర్ల గడి ఖాళీగా ఉంటే ఆయన మొదట అడిగేది దాని గురించే.