పత్రరంధ్రాలు కనిపించకపోతే తప్పు మైక్రోస్కోపుది కాదు

అపోహ: పవర్ పెంచేకొద్దీ పత్రరంధ్రాలు (ఆకు మీద గాలి ఆడే సన్నటి రంధ్రాలు) బాగా కనిపిస్తాయి.

వాస్తవం: 10ఎక్స్ ఆబ్జెక్టివ్‌తో (స్లైడుకి దగ్గరగా ఉండే కటకంతో) వెతకాలి, 40ఎక్స్‌తో చూడాలి. స్కూలు ల్యాబులో ఉండే మామూలు మైక్రోస్కోపు చాలు. ఏమీ కనిపించలేదంటే చూడాల్సింది ముందు ఆకు నుంచి ఒలిచిన పొరని. ఒక్క కణం మందమే ఉండాలి. దానికి ఆకు కండ అంటుకుని వస్తే వెలుతురు దాటదు, పచ్చటి ముద్దే కనిపిస్తుంది.

రియో ఆకుతో మొదలుపెట్టండి. పైన ఆకుపచ్చ, కింద వంకాయరంగు ఉండే ఈ మొక్క హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల కుండీల్లో తరచూ కనిపిస్తుంది. వంకాయరంగు వైపు పైకి పెట్టి, ఏటవాలుగా ఒక్క లాగుతో చించాలి. చిరిగిన అంచున ఉల్లిపొరలాంటిది వేలాడుతుంది. బ్లేడుతో 5 మిల్లీమీటర్ల ముక్క కోసి, బయటి వైపు పైకి ఉండేలా వెంటనే స్లైడు మీది నీటిచుక్కలో వేయాలి. ఆలస్యమైతే చుట్టుకుపోతుంది. కవర్ స్లిప్ ఒక అంచు ఆనించి, సూదితో మెల్లగా దించాలి. ఒక్కసారిగా వదిలితే బుడగలు చేరతాయి. నల్లటి మందపు అంచుతో గుండ్రంగా కనిపించేవి ఆ బుడగలే. పత్రరంధ్రమైతే రెండు చిక్కుడు గింజలు ఎదురెదురుగా పెట్టినట్టుంటుంది. రియో రసం కొందరికి దురద పెడుతుంది, చేతులు కడుక్కోవడం మరవద్దు.

అపోహ: సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేయకపోతే కనిపించవు.

వాస్తవం: రియోకి అసలు వద్దు. వంకాయరంగు కణాల మధ్య, రంధ్రానికి అటూ ఇటూ ఉండే పచ్చటి రక్షక కణాలు వాటంతటవే తేలతాయి, ఆ అందాన్ని రంగు పోసి చెడగొట్టకండి. రంగులేని పొరకి 1 శాతం సాఫ్రనిన్ ఒక చుక్క, ఒక నిమిషం చాలు. తర్వాత నీళ్లతో కడగాలి. గ్లిజరిన్ స్లైడు ఎండకుండా కాపాడుతుంది గానీ కణాల్లోని నీటిని లాగేస్తుంది. తెరిచిన రంధ్రాలు చూడాలంటే నీళ్లే వాడాలి, అదీ డిస్టిల్డ్ వాటర్. నగరంలో చాలాచోట్ల బోరు నీళ్లలో లవణాలెక్కువ, స్లైడు ఆరుతుంటే అంచుల్లో స్ఫటికాలు తేలతాయి.

అపోహ: నెయిల్ పాలిష్ పద్ధతిలో కణాలే ఊడి వస్తాయి.

వాస్తవం: వచ్చేది అచ్చు మాత్రమే. రంగులేని పాలిష్ పలచగా ఒక్క పూత వేసి, 15 నిమిషాలు ఆరాక సెల్లోటేపుతో లాగాలి. రంధ్రాలు లెక్కపెట్టడానికి బాగుంటుంది. కేంద్రకం, హరితరేణువులు చూడలేం. గుమ్మడిలాంటి నూగు ఆకుల మీద అచ్చు సరిగ్గా రాదు.

అపోహ: పత్రరంధ్రాలు ఆకు అడుగునే ఉంటాయి.

వాస్తవం: జొన్న, మొక్కజొన్నలకి రెండు వైపులా ఉంటాయి, రక్షక కణాలు డంబెల్ ఆకారంలో కనిపిస్తాయి. నీటి మీద తేలే కలువ ఆకుకి పైవైపే.

అపోహ: ఎండ బాగా ఉంటే రంధ్రాలు బార్లా తెరుచుకుంటాయి.

వాస్తవం: మే నెల మధ్యాహ్నం నీరందని మొక్క వాటిని మూసుకుంటుంది. నీళ్లు పోసిన మొక్క నుంచి ఉదయం కోయండి. కలబంద అయితే రాత్రిపూట తెరుస్తుంది.

లెక్కపెట్టేటప్పుడు ముందు 10ఎక్స్ కింద పారదర్శకమైన స్కేలు పెట్టి, కనిపించే వలయం వ్యాసం కొలవండి. అది 1.8 మిల్లీమీటర్లయితే 40ఎక్స్‌లో అందులో నాలుగో వంతు, అంటే 0.45, వైశాల్యం 0.159 చదరపు మిల్లీమీటర్లు. అందులో 12 రంధ్రాలుంటే చదరపు మిల్లీమీటరుకి సుమారు 75. ఒకే చోట కాకుండా, ఈనెలకి దూరంగా కనీసం ఐదు చోట్ల లెక్కపెట్టి సగటు తీయండి. ఈనెల మీద రంధ్రాలు దాదాపు ఉండవు.