ఆర్గానిక్ కాఫీకి ఎక్కువ డబ్బు పెట్టాలా? అపోహలు - వాస్తవాలు

విశాఖలో కాఫీ గింజలు వేయించి అమ్మడం నా పని. "ఆర్గానిక్ ఉందాండీ? అదే కదా మంచిది?" అని అడిగేవాళ్లకు రోజూ చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

అపోహ: ఆర్గానిక్ అంటే రుచి ఎక్కువ

ఆర్గానిక్ ముద్రను బట్టి తెలిసేది చెట్టును ఎలా పెంచారన్నదే. రుచి లెక్క స్పెషాలిటీ అనే గ్రేడుది, శిక్షణ పొందినవాళ్లు తాగి చూసి వందకు 80, ఆపైన మార్కులేస్తేనే ఆ పేరు. ఒకసారి ముద్ర చూసి మురిసిపోయి ఒక బస్తా కొన్నాను. రుచి చూద్దామని కొంచెం వేయించి, పొడి మీద వేడినీళ్లు పోసి, నాలుగు నిమిషాలాగి పైన కట్టిన తెట్టును స్పూనుతో పక్కకు తోశానో లేదో, గుప్పుమని తడి గోనెసంచి వాసన! కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి మరి. మబ్బు పట్టిన రోజుల్లో సరిగ్గా ఆరక బూజు పట్టి ఉంటాయి. ఆ గింజలు చివరికి మా ఇంటి కుండీల్లో ఎరువయ్యాయి.

అపోహ: ఆర్గానిక్ తోటలో ఏమీ చల్లరు

చల్లుతారు. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమానికి షరతులతో అనుమతి ఉంది. కృత్రిమ పురుగుమందులు, రసాయన ఎరువులు మాత్రం కుదరవు.

అపోహ: ముద్ర లేదంటే మందులు కొట్టినట్టే

అరకు, పాడేరు వైపు వెళ్లి చూడండి. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగలు, ఉన్నది ఎకరమో రెండెకరాలో. యూరియా బస్తా మొహం చూడని గిరిజన రైతులు అక్కడ చాలామందే ఉన్నారు. కానీ ముద్ర కావాలంటే కాఫీ తోటకు మామూలుగా మూడేళ్ల మార్పిడి కాలం (ముద్ర రాకముందే ఆర్గానిక్ పద్ధతిలో పెంచాల్సిన గడువు), రికార్డులు, తనిఖీలు, ఖర్చు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు కాబట్టి రైతులు గుంపుగా చేరి తీసుకుంటారు, గుంపులో లేనివాడి గింజ పక్క తోటదే అయినా ఆర్గానిక్ అనిపించుకోదు. 2019లో అరకు అరబికా రకం కాఫీకి వచ్చిన జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపునూ కొందరు ఆర్గానిక్ ముద్రే అనుకుంటారు. అది ఆ ప్రాంతం పేరుకు రక్షణ, అంతే.

అపోహ: ఆర్గానిక్‌లో కెఫీన్ తక్కువ

సంబంధమే లేదు. రోబస్టా రకంలో అరబికా కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది, ఆర్గానిక్ అయినా కాకపోయినా.

మరి కొనాలా? రుచి కోసమైతే ముందు ప్యాకెట్ మీద వేయించిన తేదీ, తోట పేరు చూడండి, అవి లేకపోతే ఎన్ని ముద్రలున్నా నేను కొనను. అవి ఉండి, ఇంకో వంద రూపాయలు మట్టి కోసం, తోటలో మందు కొట్టాల్సిన మనిషి కోసం పెట్టగలిగితే ఆర్గానిక్ తీసుకోండి. ఆర్గానిక్, మామూలుది రెండూ వంద గ్రాముల చొప్పున తెచ్చి, మొదటి కప్పు పాలు, పంచదార లేకుండా తాగి చూడండి.